పక్క మంచం పథ్యం

పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ మారుతుంది. రాత్రి సిస్టరు కేస్ షీట్లు అప్పజెప్పి వెళ్ళిపోతుంది. శ్రీకాకుళం జిల్లాలో ఏ పెద్దాసుపత్రి మగవాళ్ళ వార్డు చూసినా ఆ వేళకు సంతలా ఉంటుంది. మూడో మంచం మీదాయన నిన్న హెర్నియా ఆపరేషన్ చేయించుకున్నాడు, నొప్పికి తట్టుకోలేక కేకలు పెడుతున్నాడు. ఏడో మంచం తాలూకు మనిషి "సెలైన్ అయిపోనాది సిస్టరమ్మా, గాలెక్కిపోతాది" అంటూ వెంటపడుతున్నాడు. పదకొండో మంచం మీద తెల్లవారుజామున కడుపునొప్పని తీసుకొచ్చిన కూలీ కుర్రాడున్నాడు. రాత్రి కళ్ళంలో ధాన్యం కాపలాకు నేలమీద పడుకున్నాడట. ఇప్పుడు కేకల్లేవు, మూలుగుల్లేవు. కళ్ళు సగం మూసుకుని నిద్ర ముంచుకొస్తున్నవాడిలా ఉన్నాడు. ఎవరినీ ఏమీ అడగడం లేదు.

ముందు వెళ్ళాల్సింది ఆ పదకొండో మంచం దగ్గరికే. కట్లపాము కాటు చాలాసార్లు ఇలాగే ఉంటుంది. నేలమీద నిద్రపోయేవాళ్ళను రాత్రిపూట కరుస్తుంది. కరిచినచోట వాపు ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. మొదట కడుపునొప్పి వస్తుంది, తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా మారుతుంది. అక్కడినుంచి ఊపిరి తీసే కండరాలకు పాకుతుంది. నిద్రమత్తు అనుకుని వదిలేస్తే కొద్ది గంటల్లోనే శ్వాస ఆగిపోవచ్చు. ఆ కుర్రాడిని లేపి, పైకి చూడమని, ఒక్క ఊపిరిలో ఒకటి, రెండు, మూడు అంటూ ఎంతవరకు లెక్కపెట్టగలడో చూస్తే అర నిమిషంలో సంగతి బయటపడుతుంది. ఆ అర నిమిషం అవగానే డ్యూటీ డాక్టరుకు ఫోను వెళ్ళాలి. మూడో మంచం నొప్పికి మందు ఉంది, పదిహేను నిమిషాలు ఆలస్యమైనా మనిషికి ముప్పు లేదు. సెలైన్ సీసా ఖాళీ అయితే సూది మూసుకుపోవచ్చు, అది చిరాకే. పైపులో గాలి ఒంట్లోకి పోతుందన్న భయం మాత్రం మామూలు డ్రిప్పులో చాలావరకు అనవసరం.

పెద్దల మెడికల్, సర్జికల్ వార్డుల నర్సింగులో ముందు ఏ పని, తర్వాత ఏ పని అనే పాఠానికి మూలం ఇదే. ముందు గాలి దారి, తర్వాత ఊపిరి, తర్వాత రక్తప్రసరణ. నర్సింగు డిప్లొమా జీఎన్ఎం మొదటి ఏడాదిలోనే ఈ వరస కంఠతా వస్తుంది. కంఠతా వచ్చినదాన్ని వార్డులో అమలు చేయడం కష్టం. వార్డులో గొంతున్నవాడికే ముందు పలుకుబడి. గట్టిగా అడిగినవాడి దగ్గరికి, సర్పంచి ఫోను చేయించినవాడి దగ్గరికి కాళ్ళు వాటంతటవే వెళతాయి. ఊపిరాడనివాడికి అరవడానికి ఊపిరి ఉండదు.

ఈ పొరపాటు తగ్గించడానికే బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో న్యూస్ (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) అనే మార్కుల పద్ధతి తెచ్చి, 2017లో దాన్ని సవరించింది. శ్వాస, ఆక్సిజన్ శాతం, బీపీ, నాడి, స్పృహ, జ్వరం, ఈ ఆరింటికి మార్కులు వేసి కూడతారు. రోగికి బయటినుంచి ఆక్సిజన్ పెట్టాల్సి వస్తే దానికి అదనంగా మరో రెండు. శ్వాస నిమిషానికి 12 నుంచి 20 వరకు ఉంటే సున్నా. 25గానీ అంతకు మించిగానీ ఉంటే ఆ ఒక్క లెక్కకే మూడు మార్కులు పడతాయి, వెంటనే డాక్టరు వచ్చి చూడాలి. మొత్తం ఏడుగానీ అంతకు మించిగానీ వస్తే అత్యవసరం కిందే లెక్క. మన వార్డుల్లో ఈ కాగితం ఉన్నా లేకపోయినా దాని వెనక ఉన్న సంగతి మాత్రం ఎక్కడైనా ఒకటే. మనిషి కుప్పకూలడానికి గంటల ముందే శ్వాస వేగం మారుతుంది. బీపీ అన్నిటికంటే ఆలస్యంగా పడుతుంది. చాలా చార్టుల్లో మాత్రం బీపీ పక్కాగా ఉంటుంది, శ్వాస గడిలో అందరికీ ఒకే 20 ఉంటుంది. వార్డులో ముప్పై మంది ఒకే లయలో ఊపిరి తీస్తున్నారంటే నమ్మడం కష్టం. గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టడానికి ఖర్చేమీ లేదు.

ఆపరేషన్ అయిన మొదటి రాత్రికి కూడా ఇదే వర్తిస్తుంది. లోపల రక్తం పోతుంటే ముందు నాడి వేగం పెరుగుతుంది, చేతులు చల్లబడతాయి, మనిషి అసహనంగా అటూ ఇటూ కదులుతాడు. ఒంట్లో రక్తం 15 నుంచి 30 శాతం పోయేదాకా కూడా బీపీ నిలబడే ఉండొచ్చు. "నూటపది ఉంది కదా" అని ధీమా పడితే మోసపోయినట్టే. డ్రెస్సింగు పైకి పొడిగా కనిపించినా నడుం కింద చెయ్యి పెట్టి చూడాలి, రక్తం పల్లానికి పోతుంది. మూత్రం గంటకు కిలో బరువుకు అర మిల్లీలీటరు చొప్పున రావాలి. అరవై కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లు. అది వరసగా తగ్గుతుంటే తెల్లారేదాకా ఆగకూడదు. అసహనంగా ఉన్న రోగికి నిద్రకు సూదిమందు వేయమని ఇంటివాళ్ళు బతిమాలతారు. ఆ అసహనం మెదడుకు ఆక్సిజన్ చాలకపోవడం వల్ల వచ్చిందేమో చూడకుండా మత్తుమందు ఇస్తే ప్రమాద ఘంటను చేత్తో మూసేసినట్టే.

ఏళ్ళ తరబడి బీడీ కాల్చి ఊపిరితిత్తులు పాడైన ముసలాయన విషయంలో ఒక తిరకాసుంది. ఆక్సిజన్ శాతం 90 ఉందని కంగారుపడి, పక్కనున్న కొడుకు సిలిండరు మర తిప్పి గాలి పెంచేస్తాడు. అలాంటి రోగులకు సాధారణంగా పెట్టుకునే లక్ష్యం 88 నుంచి 92 శాతం. అంతకంటే పెంచితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగతలోకి జారిపోతారు. కొడుకు చేసింది ప్రేమతోనే. "ఈ మర ముట్టుకోకు బాబూ, నాన్నగారికి ఎక్కువ గాలి కూడా చేటే" అని చేర్చుకున్నప్పుడే ఒక్క మాట చెప్పి ఉంటే అది జరిగేది కాదు.

ఇక్కడినుంచే అసలు విషయం మొదలవుతుంది. ముందు ఏ మంచం దగ్గరికి వెళ్ళాలో తేల్చడానికి నర్సుల దగ్గర ఒక లెక్క ఉంది. రోగికి ఏ మాట ముందు చెప్పాలో తేల్చడానికి మాత్రం అలాంటి లెక్క దాదాపు ఎక్కడా కనిపించదు. వైద్యం ఒక పని, చెప్పడం ఇంకో పని, అది తీరిక దొరికితే చేసేది అన్నట్టు సాగుతుంది. ఆ తీరిక డిశ్చార్జి రోజు మధ్యాహ్నం, ఆటో వచ్చి గేటు దగ్గర హారన్ కొడుతున్నప్పుడు దొరుకుతుంది. అప్పుడు ఒకే ఊపిరిలో పదిహేను జాగ్రత్తలు చెబుతారు. ఉప్పు తగ్గించండి, నడవండి, బరువులెత్తకండి, మందులు మానకండి, పళ్ళు తినండి, కొన్ని పళ్ళు తినకండి. డాక్టర్లు, నర్సులు చెప్పే సమాచారంలో 40 నుంచి 80 శాతం రోగులు అక్కడికక్కడే మరిచిపోతారని 2003లో ఒక వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. గుర్తున్నదాంట్లో కూడా దాదాపు సగం తప్పుగా గుర్తుంటుందట. మామూలు రోజునే ఇలా ఉంటే, బిల్లు, బస్సు, పశువులకు మేత ఎవరు వేస్తారన్న దిగులు కలిసిన రోజున ఎంత నిలుస్తుందో ఊహించుకోవచ్చు.

ఆ పదిహేను జాగ్రత్తలూ సమానం కావు. కొన్ని తెలియకపోతే మనిషి మూడు రోజుల్లో మళ్ళీ స్ట్రెచరు మీద వస్తాడు, లేదా రానే రాడు. కొన్ని తెలియకపోతే నెలకో ఏడాదికో ఇబ్బంది. మిగిలినవి తెలిస్తే మంచిది, తెలియకపోయినా బతుకుతాడు. ముందు మొదటి రకం చెప్పి, అవి ఒంటబట్టాక మిగతావి చెప్పాలి. గాలి దారి తర్వాతే ఊపిరి అన్నట్టే, ప్రాణం తీసే తప్పు తర్వాతే ఆరోగ్య సూత్రాలు. చెప్పడానికి ఇంత తేలికైన విషయం ఆచరణలో ఎంత మెలికలు తిరుగుతుందో ఈ జిల్లాలోని ఉద్దానం ప్రాంతం చూస్తే అర్థమవుతుంది.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు లేని ఊరు వెతుక్కోవాల్సిందే. కారణం ఇదీ అని సైన్సు ఇప్పటికీ ఒక్క మాటలో తేల్చలేదు. నీళ్ళలో సిలికా, ఎండలో గంటల తరబడి పని, ఒంట్లో నీరు తగ్గిపోవడం, నొప్పి మాత్రలు, ఇలా చాలావాటి మీద అనుమానాలున్నాయి. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీరు కూడా తెచ్చారు. డయాలసిస్ కోసం విశాఖ దాకా పోవాల్సిన అవస్థ చాలావరకు తప్పింది. కానీ డయాలసిస్ అనేది వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. వారంలో మిగిలిన నూట యాభై పైచిలుకు గంటలూ ఇంట్లోనే గడుస్తాయి. ఆ గంటల్లో జరిగేదంతా నర్సు చెప్పిన మాట మీద, చెప్పకుండా వదిలేసిన మాట మీద ఆధారపడి ఉంటుంది.

ఉద్దానం అంటేనే తోట. కొబ్బరి, జీడి, పనస. ఇక్కడ ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా చూడ్డానికి వచ్చేవాళ్ళు చేతిలో బొండంతోనే వస్తారు. అది మర్యాద. వార్డులో విరేచనాలతో నీరసించిన రోగికి ఆ బొండం మేలే చేస్తుంది. పక్క మంచం మీద డయాలసిస్ రోగికి అదే బొండం విషంతో సమానం. కొబ్బరినీళ్ళలో 100 మిల్లీలీటర్లకు సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. రోజు మొత్తానికి రెండు గ్రాములకు అటూ ఇటూగా పరిమితి పెట్టిన మనిషి పెద్ద బొండం రెండు తాగితే ఇక ఆ రోజు అన్నం, కూర ముట్టకుండానే కోటా దాదాపు అయిపోయినట్టే. పనిచేసే కిడ్నీ ఉంటే ఎక్కువైన పొటాషియం మూత్రంలో పోతుంది. లేకపోతే రక్తంలోనే ఉండి గుండె లయను చెడగొడుతుంది. ఇందులో దుర్మార్గం ఏమిటంటే ముందస్తు హెచ్చరిక ఉండకపోవచ్చు. కాళ్ళలో సత్తువ తగ్గినట్టు కొందరికి అనిపిస్తుంది. కొందరికి అదీ ఉండదు, గుండె ఆగడమే మొదటి లక్షణం. పదకొండో మంచం కుర్రాడి మౌనం లాంటిదే ఇదీ.

అందుకే ఉద్దానంలో డయాలసిస్ రోగికి చెప్పాల్సిన మొదటి మాటల్లో కొబ్బరినీళ్ళ సంగతి ఉండాలి. ఎక్కడో అచ్చయిన డైట్ చార్టును తెలుగులోకి మార్చి చేతిలో పెడితే అందులో అవకాడో, కివీ, బ్రోకలీ ఉంటాయి, బొండం ఊసుండదు. పొటాషియం ఎక్కువున్నవాటి జాబితా ఇక్కడి పెరళ్ళలోంచి రావాలి. అరటి, పనస, మునగాకు, దుంపలు. కూరగాయల్ని సన్నగా తరిగి ఎక్కువ నీళ్ళలో నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్ళు పారబోస్తే పొటాషియం కొంత తగ్గుతుందని చూపించాలి. మన ఇళ్ళలో ఉడికించిన నీళ్ళు పారబోయడం పాపం కింద లెక్క, చారులో పోస్తారు. కాబట్టి "పారబోయండి" అని ఊరుకుంటే చాలదు, "చారులో కూడా పోయకండమ్మా" అనాలి.

తర్వాతది నీరు. మూత్రం బాగా తగ్గిపోయిన డయాలసిస్ రోగికి సాధారణంగా చెప్పే లెక్క, నిన్న వచ్చిన మూత్రం ఎంతో అంత, దానిమీద ఇంకో అర లీటరు. ఈ లెక్క వినగానే రోగి మంచినీళ్ళే అనుకుంటాడు. పొద్దున చోడి అంబలి, పది గంటలకు టీ, మధ్యాహ్నం మజ్జిగ, రాత్రి చారన్నం, ఇవన్నీ నీళ్ళ ఖాతాలోకే వస్తాయని విడమర్చి చెప్పకపోతే పొద్దున అంబలితోనే సగం కోటా చెల్లిపోయిన సంగతి తెలియదు. పొద్దున్నే ఆ రోజు కోటా అంతా ఒక సీసాలో పోసి, అంబలి తాగితే అన్ని నీళ్ళు సీసాలోంచి తీసేయమంటే అక్షరం రానివాళ్ళకు కూడా లెక్క కళ్ళముందే ఉంటుంది. ఉప్పు తగ్గించకుండా నీళ్ళు తగ్గించమనడం మాత్రం అన్యాయం. ఎండుచేపల పులుసు తిన్నవాడి నాలుకను ఎవరూ ఆపలేరు.

మూడోది ఊళ్ళో వైద్యం. నీరసంగా ఉందంటే సెలైన్ ఎక్కించుకోవడం ఇక్కడ మామూలు. సీసా ఎక్కితే బలం వస్తుందన్న నమ్మకం కిడ్నీ రోగికీ ఉంటుంది, సూదిమందు వేసేవాడికీ ఉంటుంది. నీరు బయటికి పోయే దారి లేని ఒంట్లోకి సీసాడు నీళ్ళు ఎక్కిస్తే అవి ఊపిరితిత్తుల్లోకి చేరతాయి, రాత్రికల్లా పడుకోలేనంత ఆయాసం. ఒళ్ళు నొప్పులకు వేసే డైక్లోఫెనాక్ సూది, మెడికల్ షాపులో అడక్కుండానే ఇచ్చే ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు ఇంకా డయాలసిస్ దాకా రాని కిడ్నీని ఆ దారిలోకి తోస్తాయి. జీడితోటలో రోజంతా వంగి పనిచేసినవాడికి నొప్పి మాత్ర వద్దని చెప్పి వదిలేయలేం, ఏది వేసుకోవచ్చో కూడా చెప్పాలి. డాక్టరు చెప్పిన మోతాదు దాటకుండా పారాసిటమాల్. ఏ షాపుకెళ్ళినా, ఎవరు సూది పట్టుకున్నా నోట్లోంచి రావాల్సిన మొదటి మాట "నాకు కిడ్నీ జబ్బుంది". ఊళ్ళో ఇది చెప్పుకోవడానికి చాలామందికి నామోషీ, పిల్లకు సంబంధాలు రావేమోనన్న భయం. ఆ భయాన్ని లెక్కలోకి తీసుకోని సలహా కాగితం మీదే మిగిలిపోతుంది.

ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు, అది ఉన్న చేతి గురించి నర్సులు బాగానే చెబుతారు. ఆ చేతికి బీపీ పట్టీ వద్దు, సూది వద్దు, బిగుతు గాజులు, వాచీ వద్దు, తలకింద పెట్టుకుని పడుకోవద్దు. రోజూ వేళ్ళు ఆనించి లోపల జుమ్మని కదులుతోందో లేదో చూసుకోవాలి, ఆగిపోతే ఆ రోజే ఆసుపత్రికి. చాలాసార్లు వదిలేసేది ఒకటుంది. ఇంట్లో రాత్రిపూట ఆ చోటునుంచి రక్తం చిమ్మితే ఏం చేయాలి? తువ్వాలు మీద తువ్వాలు చుడుతూ కూర్చుంటే ప్రాణం పోతుంది. కారుతున్న చోటే వేలితో గట్టిగా నొక్కి, చెయ్యి పైకెత్తి, వదలకుండా పట్టుకునే 108కి ఫోను చేయాలి. ఇది రోగి కంటే ఎక్కువగా రాత్రి పక్కన పడుకునే మనిషికి తెలియాలి. చెప్పి వదిలేయకుండా వాళ్ళ వేలితో ఒకసారి నొక్కించాలి.

పథ్యం మారిపోతుందన్న సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. డయాలసిస్ మొదలవకముందు కిడ్నీ రోగికి మాంసకృత్తులు తగ్గించమంటారు, రోజుకు కిలో బరువుకు 0.8 గ్రాములకు మించకుండా. డయాలసిస్ మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది. రక్తశుద్ధిలో మాంసకృత్తులు కూడా పోతాయి కాబట్టి 1 నుంచి 1.2 గ్రాముల దాకా కావాలి. "క్రియాటినిన్ పెరిగింది, పప్పూ గుడ్డూ మానేయ్" అని మూడేళ్ళ కిందట విన్నవాడు ఆ మాటనే వేదంలా పట్టుకుని డయాలసిస్‌లోకి వచ్చాక కూడా చారన్నంతో ఎండిపోతుంటాడు. పాత మాటను రద్దు చేశామని ఎవరూ చెప్పరు. కొత్త మాట చెప్పడం కంటే పాతది వెనక్కి తీసుకోవడం కష్టం. పక్క కుర్చీలో డయాలసిస్ చేయించుకునేవాడి మాట, ఊళ్ళో బావగారి అనుభవం దానికి తోడవుతాయి.

ఈ పక్క మంచం పథ్యమే సర్జికల్ వార్డులోనూ చికాకు పెడుతుంది. పుండు పడితే పప్పు తినకూడదు, చీము పడుతుంది అనేది తెలుగు ఇళ్ళలో తాతల నాటి మాట. గుడ్డు వేడి, వంకాయ దురద. కడుపు కోసి కుట్లేసిన మనిషికి పది రోజులు ఉత్త కారప్పొడి అన్నం పెడతారు. గాయం మానడానికి కావాల్సిన సరుకు అదే పప్పులో, అదే గుడ్డులో ఉంది. ఆ నమ్మకాన్ని ఎగతాళి చేస్తే పని జరగదు, అత్తగారి ముందు కోడలు నర్సు మాట నెగ్గించలేదు. "చీము తిండి వల్ల రాదు పెద్దమ్మా, చెయ్యి కడుక్కోకుండా కట్టు ముట్టుకుంటే వస్తుంది" అని అత్తగారికే చెప్పి, పథ్యం కాపాడే అధికారాన్ని ఆమె చేతిలోనే ఉంచి, కాపాడాల్సిన విషయాన్ని మార్చాలి. చాలా ఇళ్ళలో అది పారుతుంది. ఆపరేషన్ రోగులకు మొదటి వరసలో చెప్పాల్సినవి మహా అయితే మూడు. పొట్ట మీద తలగడ అదుముకుని దగ్గడం, గంటకోసారి లోతుగా ఊపిరి తీయడం, మంచం మీదే ఉండిపోకుండా లేచి నడవడం. కదిలితే కుట్లు ఊడతాయన్న భయంతో పడుకుండిపోతే ఊపిరితిత్తుల్లో కఫం పడుతుంది, పిక్కల్లో రక్తం గడ్డకడుతుంది. ఇవి ఆపరేషన్‌కు ముందే, నొప్పి లేనప్పుడే నేర్పాలి.

షుగరు రోగికి అందరూ చెప్పేది తీపి మానమని. ఇన్సులిన్ మీద ఇంటికి పంపేవాళ్ళకు అంతకంటే ముందు చెప్పాల్సింది తీపి ఎప్పుడు తినాలో. చెమటలు, వణుకు, గుండెదడ, తిక్కతిక్కగా మాట్లాడటం, ఇవి షుగరు పడిపోయిన గుర్తులు. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి, పావుగంట తర్వాత మళ్ళీ చూసుకోవాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు. షుగరు ఎక్కువుంటే మనిషి మెల్లగా పాడవుతాడు, పడిపోతే గంటలో పోవచ్చు. కిడ్నీ దెబ్బతిన్నవాడిలో ఇన్సులిన్ ఎక్కువసేపు పనిచేస్తుంది, కాబట్టి పాత మోతాదే కొంపముంచుతుంది. దేవీ నవరాత్రుల్లో ఉపవాసం ఉండి సూది మాత్రం మానకుండా వేసుకునే భక్తురాళ్ళకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి.

చెప్పేది ఎవరికి అన్నది ఇంకో చిక్కు. ఈ జిల్లానుంచి వలసలు ఎక్కువ. తల్లిని ఆసుపత్రిలో చేర్చగానే హైదరాబాదులో తాపీ పని చేసే కొడుకు సెలవు పెట్టి వస్తాడు. చదువుకున్నవాడు, బాధ్యత గలవాడు. డిశ్చార్జి కాగితం, జాగ్రత్తలు అన్నీ అతనికే చెబుతారు, అతనూ శ్రద్ధగా వింటాడు. మర్నాడు రాత్రి రైలెక్కేస్తాడు. ఇంట్లో వండేది, మాత్రలు అందించేది కోడలో, ఎదురింటి అప్పో. వాళ్ళకు ఏమీ తెలియదు. "ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరుంటారు?" అన్న ప్రశ్న చేర్చుకున్న రోజే అడిగి కేస్ షీట్ మీద రాసుకుంటే, ఆ మనిషి వార్డుకు వచ్చిన పూట పట్టుకుని చెప్పొచ్చు.

భాష సంగతి చెప్పనక్కర్లేదు. ఇచ్ఛాపురం వైపు ఒరియా ఇంటి భాషగా ఉన్నవాళ్ళున్నారు, కొండల్లోంచి వచ్చేవాళ్ళలో సవర మాట్లాడేవాళ్ళున్నారు. శ్రీముఖలింగం దగ్గర పుట్టి, సవర భాషకు నిఘంటువు రాసి, జనం మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారిది ఈ నేలే. అదే నేల మీద ఇవాళ్టికీ డిశ్చార్జి కాగితం మొదటినుంచి చివరిదాకా ఇంగ్లీషులోనే ఉంటుంది, చివర ఎవరికీ చదవరాని సంతకంతో సహా. మందుల్ని జనం రంగుతో గుర్తుపెట్టుకుంటారు. ఎర్ర బిళ్ళ బీపీకి, తెల్ల బిళ్ళ గ్యాసుకి. వచ్చే నెల వేరే కంపెనీ మందు ఇస్తే బీపీ బిళ్ళ తెల్లగా వస్తుంది. అట్ట మీద స్కెచ్ పెన్నుతో ఒక సూర్యుడు, ఒక చంద్రుడు, పక్కన "బీపీ" అని రెండక్షరాలు వేసి ఇవ్వడం చిన్న పనే. కొందరు సిస్టర్లు ఎవరూ చెప్పకుండానే ఇలా చేస్తుంటారు.

తీరిక ఎక్కడుంది అన్న ప్రశ్న న్యాయమైనదే. భారతీయ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒకరు ఉండాలి. రాత్రి డ్యూటీలో ముప్పై మంచాల వార్డును ఒక్కరే చూసుకున్న నర్సులకు ఆ అంకెలు నవ్వు తెప్పిస్తాయి. పోస్టులు నింపడానికి బదులుగా ఎన్ని చిట్కాలు చెప్పినా అది ప్రభుత్వం చేయాల్సిన పనిని నర్సు నెత్తిన పెట్టడమే. అయినా విడిగా కూర్చోబెట్టి చెప్పే పాఠం కంటే చేతిలో పని నడుస్తుండగా వచ్చే మాటే ఎక్కువ నిలుస్తుంది. మాత్ర అరచేతిలో పెడుతూ "ఇది దేనికి తాతా?" అని అడిగితే పది సెకన్లు. ఫిస్టులా లేని చేతికి బీపీ పట్టీ చుడుతూ "ఆ చేతికెందుకు చుట్టలేదో చెప్పు" అంటే ఇంకో పది. ఆరు రోజులు వార్డులో ఉన్న రోగికి ఇలాంటి పది సెకన్లు పద్దెనిమిది సార్లు దొరుకుతాయి.

"అర్థమైందా?" అని మాత్రం అడగకూడదు. తెల్లకోటు ముందు అర్థం కాలేదని చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు. "అలాగేనమ్మా" అంటారు, గుమ్మం దాటగానే పక్కవాళ్ళను "ఇంతకీ ఏటి తినాలంట?" అని అడుగుతారు. "ఇంటికెళ్ళాక కోడలు బొండం కొట్టి ఇస్తే ఏమంటావు మామ్మా?" అని అడిగితే సమాధానంలోనే అంతా బయటపడుతుంది. "సగమే తాగుతాను" అందంటే ఇంకోసారి చెప్పాలి. కేస్ షీట్‌లో "రోగికి జాగ్రత్తలు చెప్పడమైనది" అనే ఒక్క వాక్యం అందరికీ ఒకేలా ఉంటుంది, శ్వాస గడిలో 20 లాగే. దాని బదులు మామ్మ తన నోటితో ఏం చెప్పిందో నాలుగు మాటల్లో రాస్తే, మధ్యాహ్నం డ్యూటీకి వచ్చే సిస్టరు ఎక్కడినుంచి అందుకోవాలో తెలుస్తుంది.